పట్టుకుని వదిలేసిన గాలి

నా మొదటి ఉద్యోగం గాలిని పట్టుకునే చోట. ఇలా చెబితే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు గానీ, ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు చేతకాదు. డెబ్బైల చివర్లో విశాఖపట్నంలో ఒక ఎరువుల ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా చేరాను. బీయస్సీ అయిన ఏడాదే. మా నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు. వన్‌టౌన్‌లో చర్చి వెనక సందులో మా ఇల్లు. ఆరేసిన బట్టల మీద ముడిఇనుము దుమ్ము ఎర్రగా పడుతుంటే, మా అమ్మ పోర్టు వైపు తిరిగి ఓ మాట అనేసి మళ్ళీ ఉతుక్కునేది. అలాంటి ఇంట్లోంచి వచ్చినదాన్ని. గొట్టంలోంచి పైకి పోయేదాన్ని పోనివ్వకుండా పట్టుకునే యంత్రం ఒకటుందని తెలిస్తే నాకు దాని మీద పిచ్చి గౌరవం కలిగింది.

యంత్రం అంటే రెండు పెద్ద ఇనప స్తంభాలు. తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. మా ఫ్యాక్టరీలో నూనెలోంచి ఎరువుకు కావలసిన వాయువు తీసేవాళ్ళు. దానితోపాటు బొగ్గుపులుసు వాయువు కూడా బోలెడంత వచ్చేది. రెండూ కలిసిన వాయువును మొదటి స్తంభంలో కిందినుంచి పైకి పంపి, పైనుంచి ఒక మందు కలిపిన నీళ్ళు వానలా కురిపించేవాళ్ళు. ఆ నీళ్ళు బొగ్గుపులుసు వాయువును మాత్రం మింగి మిగతాదాన్ని వదిలేసేవి. వాటిని రెండో స్తంభంలో వేడిచేస్తే మింగిందంతా కక్కేసేవి. అలా బయటికొచ్చింది ఎంత శుద్ధంగా ఉందో కొలవడం నా పని. రబ్బరు బ్లాడరులో శాంపిలు తెచ్చి గాజుగొట్టంలోకి ఎక్కించి క్షారం నీళ్ళు కలిపితే, వాయువు మొత్తం మాయమై పైన చిన్న బుడగ ఒక్కటి మిగిలేది. ఆ బుడగ ఎంత చిన్నదైతే నాకు ఆ రోజు అంత సంతోషం.

ఇంత కష్టపడి పట్టుకున్నదాన్ని ఏం చేసేవాళ్ళు? కొంత ఎరువులోకి పోయేది. కొంత పక్కనున్న చిన్న యూనిట్‌లో నొక్కి, చల్లబరిచి, ద్రవంగా మార్చి ఓ పెద్ద ట్యాంకులో నిలవ చేసేవాళ్ళు. సోడా కంపెనీలవాళ్ళు, మంటలార్పే సిలిండర్లవాళ్ళు, ఓడల మరమ్మతుల్లో వెల్డింగు చేసేవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళేవారు. మిగిలినదంతా చిమ్నీలోంచి ఆకాశంలోకి. మిగిలేదే ఎక్కువ.

చేరిన కొత్తలో ఓసారి క్యాంటీన్‌లో మా సూపరింటెండెంటును అడిగాను. ఆయన చాలా చదువుకున్న మనిషి, కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన, తెల్ల చొక్కా మీద మరక పడనిచ్చేవాడు కాదు.

"సార్, అంత శుద్ధంగా పట్టుకుని మళ్ళీ వదిలేయడమెందుకు?"

"పట్టుకునేది దాచుకోవడానికి కాదమ్మా, మన ఎరువుకి అడ్డం రాకుండా ఉండటానికి. అడ్డు తొలిగాక దానితో మనకేం పని?"

ఈ వాయువు గాలిలో పేరుకుంటూ పోతే భూమికి దుప్పటి కప్పినట్టయి వేడి పెరుగుతుందని కాలేజీ లైబ్రరీలో ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివానని చెప్పాను. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "మన ఒక్క చిమ్నీకే భూమి వేడెక్కిపోతుందా? నువ్వు మరీనమ్మా" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వేశాను, మొహమాటానికి. లోపల మాత్రం మండింది.

ఇప్పుడు టీవీల్లో పెద్ద పెద్దవాళ్ళు కూర్చుని, చిమ్నీల్లోంచి వచ్చే బొగ్గుపులుసు వాయువును పట్టుకోవాలి, ద్రవంగా నొక్కాలి, సముద్రం అడుగున రాతి పొరల్లో పాతిపెట్టాలి అని చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. అది తప్పని కాదు. చెయ్యాలి, చెయ్యకపోతే మనకు గతి లేదు. కానీ అదేదో నిన్ననే ఆకాశంలోంచి ఊడిపడ్డ విద్య అన్నట్టు మాట్లాడతారు. పట్టుకోవడం మాకు అప్పుడే వచ్చు. మా ఊళ్ళో, మా చేతులతో, రోజూ పట్టుకున్నాం. పట్టుకున్నదాన్ని ఏం చెయ్యాలన్న ఆలోచన ఒక్కడికీ లేకపోయింది. నిలవ చేసినదాన్ని ఎలా చూసుకోవాలన్న భయం అంతకంటే లేకపోయింది. ఆ భయం లేకపోవడం వల్ల ఒక మనిషి చచ్చిపోయాడు. ఈ నాలుగు ముక్కలు రాయడం అతని కోసమే.

మా ఫ్యాక్టరీ వెనక గోడకు ఆవల ఒక గెడ్డ ఉండేది. కొండ మీంచి వానాకాలం నీళ్ళు దిగే కాలువ. మిగతా రోజుల్లో ఎండిపోయి, అడుగున పచ్చగా గడ్డి ఉండేది. రెండువైపులా గట్లు నిలువెత్తు మనిషిని దాటేవి. బస్సు దిగి వెనక గేటుకు వెళ్ళాలంటే ఆ గట్టు మీద బాటే దగ్గర. రోజూ పొద్దున్న ఒకామె, ఆమె భర్త అక్కడ మేకల్ని మేపుతూ కనబడేవాళ్ళు. వాళ్ళ పొలం ఏదో పెద్ద ప్రాజెక్టు కింద పోయింది. భూమి ఇచ్చిన ఇంటికి ఉద్యోగం ఇస్తామన్నారట. ఇవ్వలేదు. అతను కొన్నాళ్ళు పోర్టులో మూటలు మోశాడు. నడుం పట్టేశాక మేకలు కొనుక్కున్నారు. అతను మితంగా మాట్లాడేవాడు. ఆమె మాత్రం నన్ను గట్టు మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా మాటల్తో నడిపించేది. నాకు 'లేబరేట్రీ అమ్మగోరు' అని పేరు పెట్టింది.

"ఏటమ్మగోరూ, ఆ పెద్ద గొట్టంలోంచి తెల్లగా వత్తంది, అదేటి?"

"అది ఆవిరి. దాంతోపాటు కంటికి కనబడని గాలి ఇంకోటి పోతుంది."

"కనబడందాన్ని నువ్వెలగ సూత్తన్నావు మరి?"

నేను గాజుగొట్టం సంగతి చెబితే, ఆమె భర్తను మోచేత్తో పొడిచి, "ఇన్నావా? గాలిని సీసాలో పోసి కొల్త్తాదట. మనం మేకపాలే సరిగా కొల్లేం" అని పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు. అతను పళ్ళు కనబడేలా నవ్వగా నేను చూసింది బహుశా ఆ ఒక్కసారే.

రెండేళ్ళు ఇలా గడిచాయి. ఆ తర్వాతి చలికాలంలో ద్రవం నిలవచేసే ట్యాంకును తనిఖీ చెయ్యడానికి పైనుంచి మనుషులు వస్తారని కబురొచ్చింది. వాళ్ళు వచ్చేలోపల ట్యాంకు ఖాళీ కావాలి. ముందురోజు మధ్యాహ్నం సూపరింటెండెంటు మా ల్యాబులోకి వచ్చాడు. వెనకే ఆ యూనిట్ ఆపరేటరు. ఇతను భీమిలి మనిషి, రోజూ బస్సులో వచ్చేవాడు. ఫ్యాక్టరీలో సగం మంది అతన్ని బావా అనేవారు. నన్ను సెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. వాళ్ళ మాటలు నా బల్ల దగ్గరే జరిగాయి. అందుకే ప్రతి మాటా నాకు గుర్తుంది.

"సిమ్నీ లైనుకి కలిపి వదిలితే గొట్టంలో మంచు కట్టేసి పూడుకుపోతాది సార్. లైనుకి ఈటరు పెట్టాలి. రెండ్రోజులు పడతాది" అన్నాడు ఆపరేటరు.

"రెండ్రోజులు ఎక్కడున్నాయయ్యా? వెనక గోడ మీంచి హోసు వేసి వదిలెయ్. రేపు పొద్దున్నకల్లా అయిపోవాలి."

"గోడవతల గెడ్డ ఉంది సార్. మేకలోళ్ళు తిరుగుతారు."

"తిరిగితే ఏమైంది? సోడా గ్యాసే కదా."

నేను బల్ల దగ్గర్నుంచి లేచాను. "సార్, అది మామూలు గాలి కంటే బరువు. పైగా ఈ చల్లదనంతో వస్తే అస్సలు పైకి లేవదు. గెడ్డలో నీళ్ళలా నిలిచిపోతుంది. చలికాలం పొద్దున్నపూట ఇక్కడ ఆకు కూడా కదలదు కదా."

విశాఖపట్నంలో చలికాలం తెలిసినవాళ్ళకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలాంటి పల్లం. ఎండెక్కేదాకా పొగ ఎక్కడిదక్కడే కూర్చుంటుంది.

"నువ్వు శాంపిళ్ళు చూసుకోమ్మా" అన్నాడాయన.

"కనీసం అవతలివాళ్ళను ఆ వైపు రావద్దని చెప్పించండి సార్."

"సెక్యూరిటీకి చెబుతాలే" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికి వెళ్తూ నేను గెడ్డ వైపు చూశాను. మేకల్ని అప్పటికే తోలుకుపోయారు. వెనక గేటు దగ్గర కాపలావాణ్ణి అడిగితే, "సెప్పీసినామమ్మా, అందరికీ సెప్పీసినాం" అన్నాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదని మర్నాడు తెలిసింది. వాడికే ఎవరూ చెప్పలేదట. అడిగినదానికి ఏదో ఒకటి అని పంపేశాడు.

మర్నాడు బస్సు దిగేసరికి గెడ్డ నిండా తెల్లటి మంచు ఉంది. గట్ల అంచులదాకా పాలు పోసినట్టు చదునుగా ఉంది. గట్టు పైన మాత్రం ఎండ శుభ్రంగా పడుతోంది. గోడ మీంచి వేలాడుతున్న లావుపాటి హోసు మొదలు దగ్గర తెల్లగా మంచు పేరుకుని ఉంది. ముందు నాకు ఆమె గొంతు వినబడింది, తర్వాత ఆమె కనబడింది. గట్టు మీద పరిగెడుతూ భర్తను పిలుస్తోంది. మంచు పల్చగా ఉన్న ఒకచోట మేకలు పడి ఉన్నాయి. నిద్రపోతున్నట్టు, కాళ్ళు చాపుకుని.

"మేకలు పడిపోనాయి అమ్మగోరూ! తీసుకొత్తానని ఇలగ దిగినాడు. రెండడుగులేసినాడో లేదో ఆడూ కూలబడిపోనాడు! పలకడు!"

ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని దిగబోయింది. నేను చేతిలో టిఫిను క్యారేజీ పారేసి వెనకనుంచి నడుం పట్టుకున్నాను. ఆమె నాకంటే బలమైన మనిషి. ఇద్దరం మట్టిలో పడ్డాం. ఆమె నా ముంజేతిని కొరికింది. నేను వదల్లేదు.

"దిగితే నువ్వూ చచ్చిపోతావు! ఊపిరి ఆడదు అక్కడ! నా మాట విను!"

"ఒగ్గీ నన్ను! నా మనిషి ఆడున్నాడు! ఒగ్గీయే!"

బస్సులో నాతోపాటు దిగినవాళ్ళలో ఇద్దరు లుంగీలు ఎగగట్టి గెడ్డలోకి దూకబోతున్నారు. వాళ్ళ మీద నా గొంతు పోయేలా అరిచాను. దిగొద్దు, దిగినవాడు పైకి రాడు, ఈమెను పట్టుకోండి అని. నా యూనిఫారం కోటు చూసో, నా మొహం చూసో వాళ్ళు ఆగారు. ఆమెను వాళ్ళ చేతుల్లో పెట్టి గేటుకు పరిగెత్తాను. కాపలావాడు పాసు చూపించమన్నాడు! నేను వాణ్ణి తోసేసి లోపలికి వెళ్ళాను. ఆ తోసెయ్యడం తలుచుకుంటే ఇప్పటికీ తృప్తిగానే ఉంటుంది.

ఆపరేటరు నా కేకలు విని వాల్వు కట్టేశాడు. నేను రెండో మాట చెప్పక్కర్లేకపోయింది. వీపుకు గాలి సిలిండరు తగిలించుకుని, మొహానికి మాస్కు బిగించుకుని, నడుముకి తాడు కట్టుకుని గెడ్డలోకి దిగాడు. తాడు కొస మేం పట్టుకున్నాం. తెల్లటి మంచులో అతని తల కూడా మునిగిపోయింది. అతను ఆ మనిషిని భుజాన వేసుకుని పైకి వచ్చేదాకా తాడును కొంచెం కొంచెంగా లాగుతూనే ఉన్నాం. గట్టు మీద పడుకోబెట్టి, ఛాతీ నొక్కి, నోట్లో గాలి ఊది, నాకు తెలిసిందల్లా చేశాను. కంపెనీ డాక్టరు వచ్చి నాడి చూసి, "ఇంక చాలమ్మా" అన్నాడు.

ఆమె భర్త తలను ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది. "నన్నెందుకాపినావు? అప్పుడే ఎల్తే దక్కీవోడు. నువ్వే సంపీసినావు" అంది. ఆ క్షణంలో ఆమెకు బొగ్గుపులుసు వాయువు బరువు గురించి చెబుతానా?

ఇక్కడిదాకా జరిగింది ప్రమాదమనుకోవచ్చు. ఇక్కడినుంచి జరిగింది మాత్రం ప్రమాదం కాదు.

ఎండ బాగా ఎక్కేసరికి గెడ్డలో మంచు లేదు. హోసు కూడా లేదు. మధ్యాహ్నానికి సూపరింటెండెంటు నోట ఒక కథ తయారైంది. ఆ మనిషి కల్లు తాగి వచ్చి గెడ్డలో పడ్డాడు. మేకలు ఏదో విషపు గడ్డి తిన్నాయి. వాల్వు తెరవమని ఎవరూ చెప్పలేదు, ఆపరేటరు సొంత తెలివితో తెరిచాడు. సాయంత్రానికి ఆపరేటరుకు సస్పెన్షను. ఎవడైతే మాస్కు పెట్టుకుని ఆ పల్లంలోకి దిగాడో, ఎవడైతే గెడ్డుంది సార్, మేకలోళ్ళున్నారు సార్ అని మొదట చెప్పాడో, అతని మీదే నేరం! చదువుకున్న మనిషి ఇంత నిదానంగా, చొక్కా నలగకుండా అబద్ధమాడగలడని నాకు అంతవరకు తెలీదు.

నాలుగు రోజుల తర్వాత విచారణకని ఊళ్ళోంచి ఒక ప్రభుత్వాధికారి వచ్చాడు. ముందురోజు సాయంత్రం సూపరింటెండెంటు నన్ను తన గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. "చిన్నపిల్లవి. నీకు భవిష్యత్తుంది. ల్యాబులో కూర్చున్నదానివి, బయట ఎవరేం మాట్లాడారో నీకెలా తెలుస్తుంది?"

"బయట కాదు సార్. నా బల్ల దగ్గరే మాట్లాడారు."

"ఆలోచించుకో" అన్నాడు.

ఇంటికెళ్ళి నాన్నకు చెప్పాను. ఆయన అన్నం తింటున్నవాడల్లా చెయ్యి ఆపేశాడు. మా ఇంట్లో నా జీతం అవసరమే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఆ సూపర్నెంటు ఆ మాట అన్నప్పుడు నువ్వు ఇన్నావా?" అన్నాడు.

"విన్నాను నాన్నా."

"నీ సెవుల్తోటేనా?"

"నా చెవులతోనే."

"అయితే ఇంక ఆలోసించడానికేటుంది? రేపు నానూ వత్తాను" అని మళ్ళీ అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు పోర్టుకు సెలవు పెట్టి, ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని వచ్చాడు. లోపలికి రానివ్వకపోతే కిటికీ అవతల నిలబడ్డాడు.

విచారణ గెస్టుహౌసులో జరిగింది. అధికారి, సూపరింటెండెంటు, డాక్టరు, యూనియను నుంచి ఒకాయన. గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని, చనిపోయినతని భార్య. సూపరింటెండెంటు గోలీసోడాలు తెప్పించాడు. అధికారి ముందు ఒకటి పెట్టి, తను ఒకటి బొటనవేలితో నొక్కి కొట్టాడు. బుస్సుమని పొంగింది. "ఆ ట్యాంకులో ఉన్నది ఇదే సార్. దీనివల్ల మనిషి చస్తాడంటే విశాఖపట్నంలో సోడా బండి దగ్గర రోజుకో శవం లేవాలి" అని గటగటా తాగేశాడు. అధికారి నవ్వాడు. డాక్టరు కూడా. గుమ్మం దగ్గర కూర్చున్న ఆమె ఆ సీసా వైపే చూస్తోంది. మొగుడు పోయి నాలుగు రోజులైన మనిషి ఎదురుగా వీళ్ళు సోడా తాగి నవ్వుతున్నారు.

నన్ను పిలిచినప్పుడు ముందు ఆ మాటే చెప్పాను.

"సోడా తాగితే చావరు సార్. నీళ్ళు తాగినా చావరు. నీళ్ళలో తల ముంచి ఊపిరి పీల్చమనండి, ఏమవుతుందో చూద్దాం. ఆ రోజు గెడ్డ నిండా ఈ గాలే ఉంది, వేరే గాలి లేదు. అందులో మనిషి మునిగిపోయాడు."

యూనియన్ ఆయన నేను అడిగినట్టే ముందుగానే ఒక బకెట్టు తెచ్చి పెట్టాడు. దాన్లో ఆ యూనిట్‌లో ద్రవం వదిలినప్పుడు గడ్డకట్టిన మంచు కొంచెం వేసి ఉంచాం. తెల్లగా పొగ నిండింది. నేను కొవ్వొత్తి వెలిగించి తీగకు కట్టి బకెట్టు లోపలికి దింపాను. అంచు దాటీదాటగానే ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి మళ్ళీ దింపాను. మళ్ళీ ఆరింది. "ఇది బళ్ళో పిల్లలకు చూపించే మేజిక్కు సార్" అన్నాడు సూపరింటెండెంటు.

"అవును సార్. బళ్ళో పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. మీకు తెలీదని మాత్రం చెప్పకండి" అన్నాను. ఆ తర్వాత, అతను చనిపోవడానికి ముందురోజు నా బల్ల దగ్గర జరిగిన మాటలన్నీ, ఎవరు ఏమన్నారో వరసగా చెప్పాను. హీటరు సంగతి, రెండ్రోజుల సంగతి, మేకలవాళ్ళ సంగతి. అధికారి నవ్వడం మానేశాడు. సూపరింటెండెంటు నన్ను కాదు, కిటికీ అవతల నిలబడ్డ మా నాన్నను చూస్తున్నాడు. ఎందుకో నాకు తెలీదు. మా నాన్న మాత్రం అతన్ని రెప్ప వేయకుండా చూశాడు.

న్యాయం జరిగిందా అంటే ఏం చెప్పను? నివేదికలో, మనిషి నిషేధిత స్థలంలోకి వెళ్ళడం వల్ల ఊపిరాడక చనిపోయాడు అని రాశారట. ఎప్పటినుంచి నిషేధితం? అతను చచ్చిపోయినప్పటినుంచి. మర్నాడే గెడ్డ ఒడ్డున ఇంగ్లీషులో ఒక బోర్డు పాతారు. ఊపిరాడకపోవడానికి కారణం ఎవరన్నది రాయలేదు. సూపరింటెండెంటుకు వేరే రాష్ట్రంలో ఇంకా పెద్ద ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు, పూలదండ వేసి మరీ పంపించారు.

అయితే రెండు పనులు మాత్రం జరిగాయి. అవి పైవాళ్ళ దయ కాదు. ఆపరేటరును తీసుకునేదాకా ఆ యూనిట్‌లో అడుగు పెట్టేది లేదని కార్మికులు బయట కూర్చున్నారు. అతన్ని వెనక్కి తీసుకున్నారు. ట్యాంకు ఖాళీ చెయ్యాలంటే హీటరు పెట్టి పెద్ద చిమ్నీలోంచే వదలాలని నియమం రాశారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పల్లంలో మనిషిని చంపిన గాలిని ఎత్తుకు తీసుకెళ్ళి వదిలితే అందరికీ ప్రాణం కుదుటపడింది. కంటికి దూరంగా పోతే లేనట్టే. నాలుగైదేళ్ళకు ఆ చిన్న యూనిట్‌ను కూడా, కొనేవాళ్ళు తక్కువయ్యారని మూసేశారు. నిలవచేసే ట్యాంకును తుక్కుకి కోసేశారు. ఆ తర్వాత ఎరువుకు పనికిరాని ప్రతి పిసరూ ఆకాశానికే.

ఆమెకు ఫ్యాక్టరీ తోటలో ఊడ్చే పని ఇస్తామన్నారు. ఆ కబురు చెప్పడానికి నన్నే వెళ్ళమన్నారు, సిగ్గు లేకుండా. వెళ్ళాను. ఆమె గుడిసె ముందు కూర్చుని చింతకాయలు దంచుతోంది. విని, రోకలి పక్కన పెట్టింది.

"నా మనిషిని తీసుకుని నా సేతికి సీపురు ఇత్తారేటి? నానొల్లనని సెప్పు."

"చెబుతాను."

"ఇలగే సెప్పు. మంచి మాటలేసి సెప్పకు."

ఆమె అన్నది అన్నట్టే, ఒక్క అక్షరం మార్చకుండా నియామకాలు చూసే పర్సనెల్ ఆఫీసరు గదిలో నిలబడి చెప్పాను. ఆయన తల దించుకున్నాడు. ఆ ఫ్యాక్టరీలో తల దించుకున్న ఆఫీసరు నేను చూసినంతవరకు ఆయనొక్కడే.

నన్ను ల్యాబునుంచి తీసేసి స్టోర్సులో కూర్చోబెట్టారు. కొలవడానికి ఏమీ ఉండేది కాదు. వచ్చినవాళ్ళకు గ్లవుజులు, సబ్బులు ఇచ్చే పని. అలా ఏడాది భరించి, ఓ కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా ఉద్యోగం దొరికితే వదిలేసి వచ్చేశాను. పిల్లలకు బొగ్గుపులుసు వాయువు పాఠం చెప్పేటప్పుడు, అది గాలికంటే బరువు అన్న వాక్యం దగ్గర ఎప్పుడూ కాసేపు ఆగేదాన్ని. పరీక్షలో ఒక మార్కు వాక్యం అది.

ఎనభైల మధ్యలో ఒకసారి ఏదో పెళ్ళికి వెళ్ళి తిరిగివస్తూ ఆనందపురం జంక్షన్‌లో బస్సు మారాల్సొచ్చింది. రోడ్డు పక్క కూరగాయలు పోసుకుని కూర్చున్నవాళ్ళలో ఒకామె, "లేబరేట్రీ అమ్మగోరు కాదేటి?" అంది. ఆమే. జుట్టు నెరిసింది. తన అక్క ఊరు వచ్చేసి, ఇద్దరూ కౌలుకు పొలం చేస్తున్నారట. పక్కన గోనెపట్టా పరిచి నన్ను కూర్చోబెట్టింది. నేను ఫ్యాక్టరీలో లేనని, కాలేజీలో చేస్తున్నానని చెబితే మొహం మాడ్చుకుంది.

"ఎందుకొగ్గీసినావు?"

"నేను వదల్లేదు. వాళ్ళే పొమ్మన్నట్టు చేశారు."

"సేత్తారు. సేత్తే ఎలిపోడమేనా? లోపలొకలుంటే కదా, బయటోలికి తెలిసీది." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే కోపం. ఆ కోపం నా మీద కాదని కూడా తెలుస్తూనే ఉంది. చిక్కుడుకాయల మీద నీళ్ళు చిలకరించి, "ఇప్పుడెవరున్నారు లోపల?" అంది.

"ఆ రోజు గెడ్డలోకి దిగినాయన ఉన్నాడు. భీమిలాయన."

"ఆ బాబున్నాడా?" అంది. "అయితే నయమే."

నా బస్సు వచ్చింది. ఆమె చిక్కుడుకాయలు రెండు దోసిళ్ళు నా సంచిలో పోసి, "బేగి ఎక్కీ, సీటు దొరకదు" అని నన్ను వెనకనుంచి తోసింది.